అంగుళానికి తొమ్మిది కుట్లు

కేంద్ర కారాగారం,
9 జూన్ 2025.

గౌరవనీయులైన అబ్దుల్ సత్తార్ మామూ గారికి,

విషయం: నాకు మంజూరైన పదేళ్ల శిక్ష – హైకోర్టులో అప్పీలు – తమరి సహకారం కోరడం గురించి.

సూచిక: తీర్పు వెలువడిన ఏప్రిల్ 11 నుంచి నేటి వరకు తమరి మౌనం.

పై విషయంలో తెలియజేయునది ఏమనగా, నేను క్షేమం. ఆ సంగతిని రోజుకు మూడుసార్లు లెక్కపెట్టి ధ్రువీకరిస్తున్నారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న నాటి నుంచి సర్కారు కొలువుకు దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను. కొలువు రాలేదు గానీ, కొలువుతో పాటు రావలసిన వసతి, భోజనం, బట్టలు ఇప్పుడు ఏకమొత్తంగా మంజూరయ్యాయి. వసతి గురించి ఫిర్యాదు లేదు. చొక్కా గురించి ఉంది. దాని కుట్టు అంగుళానికి అయిదే. తమరి దుకాణంలో స్కూలు సెలవులన్నీ గుండీలు కుడుతూ గడిపినవాణ్ని. చొక్కాకు తొమ్మిది కుట్లుండాలని, మొదట మూడు, చివర మూడు వెనక్కి వేస్తేనే కుట్టు పట్టు వదలదని తమరే చెవి మెలేసి నేర్పారు.

తీర్పు ప్రతి చేతికి వచ్చింది. ముప్పై ఎనిమిది పేజీలు. సోదా చట్టం చెప్పిన పద్ధతిలో జరగలేదన్న మా వాదనలో కొంత నిజం ఉందని ఇరవై ఒకటో పేజీ ఒప్పుకుంది. పద్ధతి తప్పినంత మాత్రాన దొరికిన గంజాయి దొరకకుండా పోదని ఇరవై రెండో పేజీ తేల్చింది. సాక్ష్యం ఏ దారిన వచ్చిందన్నది ముఖ్యం కాదట. కేసుకు సంబంధించినదా, కాదా అన్నదే ముఖ్యమట.

జరిగింది తమరికి తెలిసిందే అయినా, ఫైలు సంపూర్ణత కోసం మళ్లీ రాస్తున్నాను. కిందటేడు రంజాన్ నెలలో, నేను మణుగూరు నుంచి ఖమ్మం వస్తున్న బస్సును తమరి దుకాణానికి ఎదురుగా, నల్లబండ చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపారు. సీటు కింద బస్తా ఉంది. అది ఎవరిదో నలభై మందిలో ఒక్కరూ చెప్పలేదు. నేను మాత్రం, సోదాకు గెజిటెడ్ అధికారి ఉండాలి కదా అన్నాను. "గింత చట్టం ఊకెనే నేర్చుకుంటడా ఎవడన్న? దిగు," అన్నారు. ఆ బస్సులో చట్టం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కావడం ప్రాసిక్యూషన్ వారికి మొదటి సాక్ష్యమైంది.

రెండో సాక్ష్యం తమరు. బస్తా బయటికి తీస్తుండగా ఇద్దరు మధ్యవర్తులు పక్కనే నిలబడి చూశారని పంచనామా చెబుతోంది. ఒకరు కూలి బొజ్జయ్య, ఇంకొకరు తమరు. దాని కింద సంతకం తమదేనని తమరు కోర్టులో చెప్పారు. "స్వయానా మేనమామే చూసినప్పుడు అనుమానానికి తావు లేదు" అని ఇరవై నాలుగో పేజీ. నేను ఆ బస్సు పక్కనే నిలబడి ఉన్నాను మామూ. తమరు కనిపించలేదు.

న్యాయ సేవా సంస్థ తరఫున, ఖమ్మం ఖానాపురం హవేలిలో ఉండే మెహ్రీన్ గారు అప్పీలుకు నాకు వకీలుగా వచ్చారు. ఆ వేళ తమరు అక్కడ లేరని ప్రమాణ పత్రం ఇస్తే, దాన్ని అప్పీలులో అదనపు సాక్ష్యంగా తీసుకోమని అడుగుతారు. అది తప్ప నాకు వేరే దారి లేదన్నారు. పదిహేను రోజుల్లో తమరి అభిప్రాయం తెలపగలరు.

గమనిక: దయచేసి ఉర్దూలో రాయకండి. ఇక్కడ ఉత్తరాలు చదివే గుమాస్తాకు ఉర్దూ రాదు. ఆయనకు అర్థం కాని ఉత్తరం ఎవరికీ చేరదు.

ఇట్లు విధేయుడు,
హఫీజ్,
ఖైదీ నంబరు 4417.


నల్లబండ క్రాస్‌రోడ్డు,
27 జూన్ 2025.

బేటా హఫీజ్‌కు దువాలు.

ఈ దినము ఉదయం పదకొండు గంటలకు, తూర్పున బస్సు రోడ్డు, పడమర మా ఇల్లు, ఉత్తరాన పాన్ డబ్బా, దక్షిణాన సైకిల్ షాపు, ఈ నాలుగు హద్దుల నడుమ గల నా టైలర్ దుకాణంలో కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా రాయునది. నవ్వకు. ఇరవై ఆరేళ్లుగా పంచనామాల కింద సంతకాలు పెట్టీ పెట్టీ నాకు వేరే రాత రాదు.

నీ నోటీసు అందినది. పదిహేను రోజుల గడువు పెట్టినావు. మీ అమ్మ పోయిననాడు నీకు పదకొండేళ్లు. ఆనాటి నుంచి నీ కొలతలు నా మెడలోని టేపుతోనే తీసినాను. ఇప్పుడు నువ్వు నాకు విషయం, సూచిక పెట్టి రాసినావు. పోస్టుమ్యాన్ ముందు విప్పినాను. సిగ్గుతో మడిచి డ్రాయరులో పెట్టినాను. నా మీద కేసు వేయదలచుకుంటే సూటిగా వేయి.

కోర్టులో నేనేమి అబద్ధం చెప్పినాను? సర్కారు వకీలు కాయితం చూపి "సంతకం నీదేనా?" అన్నాడు. "నాదే" అన్నాను. "సరే, పో" అన్నాడు. నువ్వు బోనులో నిలబడి నన్నే చూస్తున్నావు. ఆ రోజు టేపు తీయడం మరిచి మెడలోనే వేసుకొని పోయినాను. దాన్నే పట్టుకొని నిలబడ్డాను. ఇంకో ప్రశ్న అడిగితే ఇంకో జవాబు చెప్పేవాణ్నేమో. ఎవరూ అడగలేదు.

నిన్న పోలీస్ స్టేషన్ రైటర్ చిరంజీవి కొత్త యూనిఫారం గుడ్డ తెచ్చినాడు. కొలత తీస్తుంటే, "సత్తార్ భాయ్, అల్లుడు ఉత్తరం రాసిండంట గద? చదువుకున్నోడు, రాస్తనే ఉంటడు. నువ్వు పెద్దమనిషివి. జవాబు రాసేటప్పుడు జర సోంచాయించు," అన్నాడు. నీ ఉత్తరం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఆయనకు కూడా రాసినావా?

కాబట్టి ప్రమాణ పత్రం వీలుపడదు. పైన రాసినది చదువుకొని, సరిగా ఉన్నదని ఒప్పుకొని చేసిన సంతకం,

నీ మామూ
అబ్దుల్ సత్తార్.


కేంద్ర కారాగారం,
14 జూలై 2025.

మామూ,

విషయం, సూచిక తొలగించడమైనది. అది నోటీసు కాదు. అయిదేళ్లు విశ్వవిద్యాలయంలో నేర్చుకున్న ఉత్తరం అదొక్కటే. ఆప్యాయతకు నమూనా పత్రం మా సిలబస్‌లో లేదు.

చిరంజీవి గారికి నేను రాయలేదు. ఇక్కడి నుంచి బయలుదేరే ఉత్తరం పోస్టు డబ్బాలో పడేలోపు రెండు మూడు బల్లల మీద విశ్రాంతి తీసుకుంటుంది. మీ ఉత్తరంలో "ప్రమాణ పత్రం వీలుపడదు" కింద ఎర్ర పెన్సిల్‌తో రెండు గీతలున్నాయి. అవి మీరే గీశారనుకొని వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత పక్క ఖైదీకి వచ్చిన ఉత్తరంలోనూ అవే గీతలు చూశాను. అతని భార్య అంత కఠినంగా మాట్లాడే మనిషి కాదట.

ఇక్కడ మీకు గొప్ప పేరుంది. కొత్తగా వచ్చినవాళ్లు పంచనామా జిరాక్సు తీసి చూపిస్తారు. కింద మీ సంతకం. నాతో కలిపి ఆరుగురం. "సత్తార్ మేనల్లుడు" అని నాకు నీళ్ల దగ్గర ముందు వరుస ఇస్తారు, తర్వాత తిడతారు. వాళ్లలో రూప్లా అనే ఆయన దమ్మపేట వైపు తండా మనిషి. గడ్డివాములో నాటు తుపాకీ దాచాడని ఏడేళ్లు. "మీ మామ నా ఇంటికి వచ్చిండంట. నేనైతె ఆయన్ని కోర్టులనే మొదలు చూసిన. మంచి బట్టలేసుకొచ్చిండు," అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఆయన భార్య రూప్లి మీ దగ్గరికి వస్తానంది. నేను వద్దనలేదు.

ఒక్క ప్రశ్న. మెహ్రీన్ గారు అడగమన్నది కాదు, నాది. బస్సు ఆగిన వేళ మీరెక్కడున్నారు?

హఫీజ్.


నల్లబండ క్రాస్‌రోడ్డు,
30 ఆగస్టు 2025.

బేటా,

మొదట చెడువార్త. గోదావరి పొంగిన రోజుల్లో బొజ్జయ్య పోయినాడు. జ్వరం. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారి మునిగి, ట్రాక్టరు మీదనే ప్రాణం పోయింది. ఆయన భార్య ఆదెమ్మ వచ్చి కప్పడానికి తెల్లగుడ్డ అడిగింది. కొలిచి చించి ఇచ్చినాను. ఇరవై ఏళ్లు నా సంతకం పక్కన వేలిముద్ర వేసినాడు. ఏ కాయితంలో ఏమున్నదో ఆయనకు తెలియదు, చదువు రాదు. నాకు చదువొచ్చు. నేను చదవలేదు.

రూప్లి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నువ్వేనా సత్తారు?" అన్నది.

"అవ్."

"మా ఇంట్ల తుపాకి దొరికినప్పుడు చూసినవా?"

నేను మిషన్ ఆపలేదు.

"నిన్నే అడిగేది. పొడుగెంతుండె? చేత్తోని చూపియ్యి."

మనిషిని దూరం నుంచి చూసి భుజం కొలత చెప్పగలవాణ్ని. ఆ తుపాకీ పొడవు చెప్పలేకపోయినాను. ఆమె తిట్టలేదు. కూర్చుని నీళ్లు తాగింది. సంచిలోంచి చిరిగిన రవిక తీసి, "ఇదన్న సక్కగ కుట్టు," అన్నది. కుట్టినాను. అంత భయపడుతూ ఎన్నడూ కుట్టలేదు.

ఇక నీ ప్రశ్న. రంజాన్‌లో నా పని నీకు తెలుసు, పండుగ బట్టల గుట్ట కప్పుకు తాకుతుంది. కిందటేడు దానికి తోడు ఎన్నికల తనిఖీలు. దినానికి రెండుసార్లు చిరంజీవి వచ్చి "భాయ్, ఓ సంతకం" అని లేపుకుపోతున్నాడు. "నేనిట్ల లేస్తుంటే పండుగకు చొక్కాలు ఎవరు కుడతరు?" అన్నాను. "అయితె అన్నీ ఒక్కసారే పెట్టియ్యి, మల్ల రాను," అని దస్తా తెల్లకాయితాలు, ఇరవై నాలుగు, తెచ్చిచ్చినాడు. అన్నిటి కిందా నేను సంతకం పెట్టినాను, బొజ్జయ్య వేలిముద్ర వేసినాడు. ఫ్యాను గాలికి కాయితాలు లేచిపోతుంటే జీన్సు సూది ఎక్కించి, ఎడమ అంచున మిషన్ కుట్టు ఒకటి వేసి కట్టగా చేసి ఇచ్చినాను. వాళ్లు దారం విప్పి ఒక్కొక్కటి తీసి వాడుకున్నారు. నీది అందులోదే.

బస్సు ఆగినప్పుడు నేను మిషన్ మీదనే ఉన్నాను. నీ పండుగ చొక్కాకే కాలర్ ఎక్కిస్తున్నాను. బయట లొల్లి వినబడింది. ఎప్పుడూ ఉండేదే అనుకొని తల ఎత్తలేదు.

ప్రమాణ పత్రం ఇస్తాను. నీ ఒక్కడిదే కాదు, నాకు గుర్తున్నవన్నీ చెబుతాను. చెబితే నన్నే లోపల వేస్తారని చిరంజీవి నవ్వుకుంటూ అన్నాడు. లోపల కుట్టు అయిదే అన్నావు కదా. దర్జీ పని ఖాళీ ఉన్నదేమో కనుక్కో.

నా ఫోను "చూసి ఇస్త" అని చిరంజీవి తీసుకుపోయి పది దినాలైంది. రసీదు అడిగితే, "మనల మనకు రసీదేంది భాయ్?" అన్నాడు. వకీలమ్మ ఫోను చేసినా పలకదు.

నీ మామూ.


కేంద్ర కారాగారం,
20 సెప్టెంబరు 2025.

మామూ,

మీ ఉత్తరం నాకు చేరడానికి పదిహేడు రోజులు పట్టింది. నల్లబండ నుంచి నడిచి వచ్చినా ఇంతకంటే ముందే వచ్చేది. "ప్రమాణ పత్రం ఇస్తాను" కింద మూడు గీతలు. చిరంజీవి పేరు చుట్టూ సున్నా. రూప్లి పేరు చుట్టూ కూడా.

ఉత్తరం ఇస్తూ గుమాస్తా గారు మొదటిసారి నాతో మాట్లాడారు. "మీ మామ మంచి పని చేస్తుండు. ఖమ్మం ఎప్పుడు పోతుండు?" అన్నారు. ఈ ఏడాదిలో మనం చేసేది మంచి పని అన్న మొదటి ప్రభుత్వోద్యోగి ఆయనే. నేను ఉత్తరం తీసుకుని వచ్చేశాను. అయినా ఆ మాటకు పొద్దంతా సంతోషంగా ఉన్నాను. దీన్నిబట్టి నా పరిస్థితి అంచనా వేసుకోండి.

ముఖ్య విషయం: అక్టోబరు 16, ఉదయం పదకొండు గంటలకు ఖమ్మంలో నోటరీ దగ్గర. మెహ్రీన్ గారు, రూప్లి అక్కడ ఉంటారు. మెహ్రీన్ గారు తానే నల్లబండ వచ్చి తేదీ చెబుతానన్నారు, ఉత్తరంలో రాయవద్దన్నారు. ఆమె వచ్చేసరికి మీ మనసు మారుతుందేమోనన్న భయం నాది. అందుకే రాసేస్తున్నాను.

ఇక్కడ కుట్టు విభాగంలో ఖాళీ ఉంది. మీ దరఖాస్తును మాత్రం నేను సిఫారసు చేయను.

హఫీజ్.


నల్లబండ క్రాస్‌రోడ్డు,
11 అక్టోబరు 2025.

బేటా,

తేదీ అందినది. నా మనసు మారుతుందని అనుకున్నావు. పోనీలే, ఒకసారి కోర్టులో చూసినవాడివి.

చెక్‌పోస్టులో ఉండే కుర్చీ ఒకటి రోడ్డు దాటి నా దుకాణం ముందుకు వచ్చింది. అందులో రోజుకొకరు కూర్చుంటున్నారు. పేరు చెప్పరు, బట్టలు కుట్టించుకోరు. యూనిఫారం గుడ్డంతా వెనక్కి తీసుకుపోయినారు, కత్తిరించిన ముక్కలతో సహా. నిన్న చిరంజీవి వచ్చి, "పదారు నాడు యాడికన్న పోతున్నవా భాయ్?" అన్నాడు.

"పెండ్లికి."

"ఎవలది?"

"మా మేనల్లుడిది."

ఆయన ఎప్పుడూ నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు.

నీ చొక్కా పూర్తయింది. గుండీలు మాత్రం కుట్టలేదు, అవి ఎప్పుడూ నీ పని. వకీలమ్మ చేతికి ఇస్తాను. మొదటి బస్సుకే పోతాను.

నీ మామూ.


నల్లబండ,
18 అక్టోబరు 2025.

శ్రీ హఫీజ్ గారికి,

అబ్దుల్ సత్తార్ అను నేను, ఈ దినము సాయంత్రం నాలుగు గంటలకు, స్వబుద్ధితో, ఎవరి ప్రలోభము గాని, బెదిరింపు గాని, బలవంతము గాని లేకుండా తెలియజేయునది ఏమనగా: నేను సదరు బస్సు వద్ద స్వయముగా హాజరై, సదరు బస్తాను కళ్లారా చూసి, పంచనామా చదువుకొని సంతకం చేసితిని. 30-8-2025 నాటి నా ఉత్తరములోని విషయములు అనారోగ్యం వల్లను, మీ ఒత్తిడి వల్లను రాసినవి. అవి నిజములు కావు. నేను ఎవరికిని ఎట్టి ప్రమాణ పత్రమును ఇవ్వబోను. బంధువుల ఇంట క్షేమముగా ఉన్నాను. ఇకపై నాకు ఉత్తరములు రాయవద్దు.

సంతకం: అబ్దుల్ సత్తార్.
ఎడమ వేలిముద్ర: బొజ్జయ్య.


కేంద్ర కారాగారం,
5 నవంబరు 2025.

మామూ,

ఈ ఉత్తరం మీద జైలు ముద్ర ఉండదు. మెహ్రీన్ గారి ఫైలులో బయటికి పోతోంది. దీన్ని ఎక్కడ చేర్చాలో ఆమెకు తెలియదు.

పదహారున ఆమె, రూప్లి సాయంత్రం దాకా నోటరీ దగ్గర కూర్చున్నారు. మర్నాడు నల్లబండ వచ్చారు. మీ షట్టరుకు మీది కాని తాళం ఉందట. కుర్చీ లేదట. పాన్ డబ్బా ఆయన, "మాకేం ఎరుక లేదమ్మా, మీరు జల్దీ పొండ్రి," అన్నాడట. స్టేషన్‌లో, ఆ పేరు గల వ్యక్తి పంచ్‌ సాక్షిగా తప్ప తమకు తెలియదన్నారట.

పద్దెనిమిదో తేదీ ఉత్తరాన్ని గుమాస్తా గారు స్వయంగా తెచ్చి ఇచ్చారు. కంప్యూటర్ అచ్చు, కింద మీ సంతకం. నకిలీ కాదు, మీదే. మీరు నన్ను వదిలేశారనుకున్నాను. ఒక పూటంతా అనుకున్నాను, క్షమించండి. తర్వాత వేలిముద్ర చూశాను. ఆగస్టులో మీ చేతి తెల్లగుడ్డ కప్పుకొని వెళ్లిపోయిన బొజ్జయ్య అక్టోబరులో సాక్షిగా హాజరయ్యాడు. ప్రభుత్వ విధుల పట్ల ఇంత నిబద్ధత అరుదు.

అప్పుడు కాగితాన్ని వెలుగుకు పట్టుకున్నాను. ఎడమ అంచున వరుసగా రంధ్రాలు. బొటనవేలి కణుపు అంగుళమని మీరు నేర్పిన కొలతతో లెక్కపెట్టాను. తొమ్మిది. పైన మూడు వెనక్కి, కింద మూడు వెనక్కి. మీరు రంజాన్‌లో కట్టిన దస్తాలో మిగిలిన తెల్లకాగితం అది. మీ సంతకం పైన ఉన్న చోటులో మీ మాటలు ఎవరో నింపారు.

మెహ్రీన్ గారికి చూపాను. నా పంచనామా అసలు ప్రతి ఇప్పుడు హైకోర్టు రికార్డులో ఉంది. అనుమతి తీసుకొని నిన్న చూశారు. అవే రంధ్రాలు. రూప్లా పంచనామాకూ అవే. రెండు ఊళ్లలో, రెండు నెలల తేడాతో రాశామన్న కాగితాలు ఒకే సూది కింద నుంచి వచ్చాయి. జిరాక్సులో రంధ్రాలు పడవు. అందుకే ముప్పై ఎనిమిది పేజీల్లో ఎవరికీ కనబడలేదు. ఈ కాగితం ఎలా సంపాదించావని ప్రభుత్వం వారు అడిగితే జవాబు సిద్ధంగా ఉంది: తపాలాలో వచ్చింది, పరిశీలించినట్టు జైలు ముద్ర కూడా ఉంది. ఈ కేసు మొత్తంలో చట్టప్రకారం చేతికి వచ్చిన సాక్ష్యం ఇదొక్కటే.

మీ ఆగస్టు ఉత్తరం మళ్లీ తీసి చూశాను. పేర్ల చుట్టూ, ప్రమాణం కింద ఎర్ర గీతలు. మిషన్ కుట్టు కింద గీత లేదు. బొజ్జయ్య చావు కింద లేదు. అంత శ్రద్ధగా చదివినవారికి ఒక కూలివాడు పోవడం, ఒక దర్జీ సూది మార్చడం సమాచారంగా తోచలేదు.

తేదీ రాసింది నేను. వద్దన్నా రాశాను. దీనికి అప్పీలు లేదు.

నా అప్పీలు మాత్రం నిలబడుతుందని మెహ్రీన్ గారు అంటున్నారు. మీ ఆచూకీ కోసం వేరే దరఖాస్తు వేశారు. రెండింటికీ ఆధారం ఆ ఒక్క కాగితమే. అది మీరు రాయలేదని తేలితే నేను బయటికి వస్తాను. అది మీరు రాయలేదని తేలితే, మీరు బంధువుల ఇంట క్షేమంగా ఉన్నారన్న మాట కూడా మీరు రాయనిదే అవుతుంది.

ఉత్తరం రాయకండి. సంతకం అసలే వద్దు. ఎక్కడున్నా సరే, ఏదైనా గుడ్డ పీలిక మీద అంగుళం పొడవు కుట్టు వేసి, ఎవరి చేతనైనా పంపండి.

లెక్కపెట్టుకుంటాను.

హఫీజ్.